దూరపు కెరటం: గాలి ఆగిపోయాక అల చేసే ప్రయాణం



మాకు పాఠాలు చెప్పిన మాస్టారి పేరిట ఏర్పాటైన ఈ ఉపన్యాసానికి విషయం నన్నే ఎంచుకోమన్నారు. ఎక్కువ ఆలోచించలేదు. తరంగాల పాఠం వచ్చిందంటే ఆయన తీగ మీది తరంగాన్నీ గాలిలోని శబ్దాన్నీ గబగబా దాటించేసి సముద్రం దగ్గర ఆగిపోయేవారు. సిలబస్‌లో సముద్రపు అల లేదు. "కళ్ళెదుట ఉన్న తరంగాన్ని వదిలేసి కంటికి కనపడనివాటి మీద పరీక్ష రాయడం ఏమిటర్రా" అనేవారు. అలను చూస్తే ముందు అది ఎక్కడ పుట్టిందో, ఎన్నాళ్ళు నడిచి వచ్చిందో అడగమనేవారు. ఈ సాయంత్రం నేను ఆ ప్రశ్నల వెంటే వెళ్తాను.

ఒడ్డున నిలబడి చూస్తే సముద్రం అంతా ఒకటే అనిపిస్తుంది. కానీ విశాఖలోనో, ఉప్పాడలోనో, సూర్యలంకలోనో మీ ముందు విరిగే అలల్లో రెండు మూడు చోట్ల పుట్టినవి కలిసి ఉంటాయి. కొన్ని ఆ ఉదయం వీచిన గాలికి తీరానికి దగ్గరలోనే పుట్టినవి. అవి పొట్టివి, ఒకదాని వెనక ఒకటి తోసుకుంటూ క్రమం లేకుండా వస్తాయి. వాటి అడుగున, తీరిగ్గా, పదిహేను సెకన్లకో పద్దెనిమిది సెకన్లకో ఒకటి చొప్పున వచ్చే పొడవాటి అల ఇంకొకటి ఉంటుంది. అది పుట్టిన చోట ఈ పూట గాలే లేకపోవచ్చు. పుట్టి వారం దాటి ఉండవచ్చు. శాస్త్రజ్ఞులు స్వెల్ అనేది దీన్నే. నేను దూరపు కెరటం అంటాను.

ముందుగా రెండింటిని పక్కన పెట్టాలి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచింది ఉప్పెన. తుపాను గాలి నీటిని తీరం మీదికి నెట్టుకొచ్చి సముద్రమట్టాన్నే లేపేసింది. 2004 డిసెంబరు 26న వచ్చింది సునామీ. సముద్రగర్భం కదిలి పుట్టిన ఆ అలకు ఒక శిఖరం నుంచి మరో శిఖరానికి దూరం వందల కిలోమీటర్లలో ఉంటుంది. నాలుగు కిలోమీటర్ల లోతున్న మహాసముద్రం కూడా దానికి లోతు తక్కువే. గంటకు సుమారు 700 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతుంది. ఈ రెండూ మన జ్ఞాపకంలో గట్టిగా నాటుకున్నాయి, నాటుకోవాలి కూడా. కానీ రోజూ, ప్రతి క్షణమూ సముద్రం మీద ఉండేవి గాలి పుట్టించిన అలలు. నేను మాట్లాడేది వాటి గురించి.

గాలికి నీటి మీద పట్టు ఎలా దొరుకుతుంది? నున్నగా ఉన్న నీటి మీద గాలి జారిపోవాలి గదా! పందొమ్మిదో శతాబ్దపు గణితవేత్తలను బాగా వేధించిన ప్రశ్న ఇది. 1925లో హెరాల్డ్ జెఫ్రీస్ ఒక జవాబు చెప్పారు. అల వీపును గాలి తోస్తుంది, అల ముందు వైపు గాలి మరుగు ఏర్పడుతుంది, ఈ రెండు వైపుల ఒత్తిడి తేడా అలను పెంచుతుంది. ఆలోచన సరైన దారిలోనే ఉంది గానీ లెక్క కుదరలేదు. 1957లో ఓవెన్ ఫిలిప్స్, జాన్ మైల్స్ విడివిడిగా పనిచేసి జవాబులోని రెండు భాగాలు అందించారు. ఫిలిప్స్ చెప్పింది పుట్టుక సంగతి. గాలి ఎప్పుడూ సాఫీగా వీచదు, దానిలో సుడులుంటాయి. ఆ సుడుల వల్ల నీటి మీద ఒత్తిడి ఒకచోట ఎక్కువ, పక్కనే తక్కువ. ఆ ఎక్కువ తక్కువలు కదిలే వేగమూ నీటి మీది చిరు అల వేగమూ కలిసిన చోట అల నిలదొక్కుకుంటుంది. మైల్స్ చెప్పింది ఎదుగుదల సంగతి. నీటికి ఆనుకుని గాలి నెమ్మదిగా ఉంటుంది, పైకి పోయేకొద్దీ వేగం హెచ్చుతుంది. గాలి వేగం సరిగ్గా అల వేగంతో సమానమయ్యే ఎత్తు ఒకటి ఉంటుంది. గాలి నుంచి అలకు శక్తి చేరేది అక్కడినుంచి. అల పెరిగేకొద్దీ తన మీది గాలిని మరింత వంచుతుంది, వంచేకొద్దీ మరింత శక్తి అందుకుంటుంది. అందుకే గాలి లేచిన తొలి గంటల్లో సముద్రం అంత త్వరగా రేగుతుంది.

ఆ రేగడం ఎంతవరకు? అది గాలి వేగం మీదా, ఎంతసేపు వీచిందన్న దాని మీదా, అడ్డులేకుండా నీటి మీద ఎంత దూరం వీచిందన్న దాని మీదా ఆధారపడి ఉంటుంది. ఈ మూడోది చాలామంది మరిచిపోతారు. చెరువు మీద ఎంత పెనుగాలి వీచినా అల మోకాలెత్తు దాటదు, గాలికి పరుగెత్తే చోటు లేదు గనుక. అదే గంటకు 72 కిలోమీటర్ల గాలి వేల కిలోమీటర్ల మేర రోజుల తరబడి వీస్తే అలలు ఎనిమిది తొమ్మిది మీటర్ల ఎత్తుకు చేరి, అక్కడ ఆగుతాయి. అప్పటికి వాటి వేగం గాలి వేగాన్ని అందుకుని, కాస్త మించుతుంది కూడా.

మించడం ఎలా సాధ్యం? నాకు ఈ విషయమంతటిలో అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇది. తనకన్నా వేగంగా పోయేదాన్ని గాలి తోయలేదు. అయినా తుపానుల్లో గాలిని మించి నడిచే పొడవాటి అలలు పుడుతూనే ఉంటాయి. 1960ల తొలి ఏళ్ళలో జర్మనీకి చెందిన క్లాస్ హాసెల్‌మన్ దీన్ని విప్పారు. అలలు ఒకదాన్నొకటి దాటేటప్పుడు ఏమీ జరగనట్టు విడిపోవు. నాలుగేసి అలల మధ్య శక్తి కొంచెం కొంచెంగా చేతులు మారుతుంది. మొత్తం మీద మధ్యస్థంగా ఉన్న అలల నుంచి ఇంకా పొడవాటి అలలకు శక్తి చేరుతూ ఉంటుంది. గాలి పొట్టి అలలకు ఇచ్చినది ఇలా పెద్ద అలలకు అందుతుంది. 1968, 1969లలో ఉత్తర సముద్రంలో జాన్‌స్వాప్ పేరిట జరిగిన కొలతలు ఈ లెక్కను నిలబెట్టాయి. ప్రపంచమంతటా వాడుతున్న అలల అంచనా నమూనాలకు ఆ పని పునాది అయింది. హాసెల్‌మన్‌కు 2021లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చినప్పుడు వార్తలన్నీ ఆయన వాతావరణ మార్పు పరిశోధన గురించే రాశాయి. అది న్యాయమే. కానీ అలలను చదివే మాకు ఆయన అంతకు చాలా ముందునుంచే పెద్దాయన.

అలతో పాటు నీరు ప్రయాణం చేయదు. లోతు సముద్రంలో అల దాటిపోతున్నప్పుడు ఒక్కొక్క నీటి బొట్టు తిరునాళ్ళలో జెయింట్ వీల్ ఎక్కిన మనిషిలా పైకి లేచి, ముందుకు వంగి, కిందికి దిగి, వెనక్కి వచ్చి, ఇంచుమించు బయలుదేరిన చోటికే చేరుతుంది. ఇంచుమించు అన్నాను, పూర్తిగా కాదు. ఒక్కో చుట్టుకు కొద్దిగా ముందుకు జరుగుతుందని జార్జ్ స్టోక్స్ 1847లో చూపించారు. తేలే చెత్తనూ చమురు తెట్టునూ నడిపించడంలో ఆ కొద్దిపాటి జరుగుడుకూ పాలుంది. లోతుకు పోయేకొద్దీ ఈ చుట్లు చిన్నవవుతాయి. అల పొడవులో సగం లోతుకు వెళ్ళేసరికి కదలిక పైనున్న దానిలో ఇరవయ్యో వంతు కూడా మిగలదు. పైన ఓడలను ఊపేస్తున్న తుపాను కింద నూట యాభై మీటర్ల లోతున చేప నెమ్మదిగా ఈదుతూ ఉంటుంది.

ఇక లోతు సముద్రంలో అల నడిచే నియమం ఒక్కటే, అదీ సులువైనది: పొడవాటి అల వేగంగా పోతుంది. ఒక శిఖరం దాటాక తరవాతి శిఖరం వచ్చేదాకా పట్టే సెకన్లను ఆవర్తన కాలం అంటాం. ఆ సెకన్లను 1.56తో హెచ్చిస్తే సెకనుకు ఎన్ని మీటర్లు నడుస్తుందో వస్తుంది. పది సెకన్ల అల సెకనుకు 15.6 మీటర్లు నడుస్తుంది, దాని పొడవు 156 మీటర్లు. ఇరవై సెకన్ల అల వేగం దానికి రెట్టింపు, పొడవు నాలుగింతలు, అంటే 624 మీటర్లు. ఎత్తు ఈ లెక్కలో లేదు. ఎత్తు మరీ పెరిగితే మాత్రం అల నిలబడలేదు. పొడవులో ఏడో వంతు ఎత్తుకు చేరేసరికి శిఖరం విరిగి తెల్లగా నురగ కక్కుతుంది.

మరో సంగతి వినడానికి వింతగా ఉంటుంది. అలలు గుంపులుగా నడుస్తాయి, గుంపు వేగం మాత్రం ఒక్కో అల వేగంలో సగమే. గుంపు వెనక వైపు కొత్త అల తలెత్తి, గుంపు మధ్యగుండా ముందుకు వచ్చి, ముందు వైపు చేరి సన్నగిల్లి మాయమవుతుంది. శక్తి ప్రయాణించేది గుంపు వేగంతో. కాబట్టి తుపాను నుంచి అల మన దగ్గరికి ఎప్పుడు చేరుతుందో లెక్క కట్టాలంటే ఈ సగం వేగమే తీసుకోవాలి. ఇరవై సెకన్ల అలల గుంపు రోజుకు సుమారు 1,350 కిలోమీటర్లు, పదహారు సెకన్లది 1,080 కిలోమీటర్లు నడుస్తాయి. ఏడు వేల కిలోమీటర్ల దూరంలో తుపాను ఉందనుకోండి. ఇరవై సెకన్ల అల అయిదు రోజుల చిల్లరలో వచ్చేస్తుంది. పదహారు సెకన్ల అలకు ఆరున్నర రోజులు పడుతుంది. తుపానులో కలగాపులగంగా ఉన్న అలలను దారే వేరు చేసి, పొడవు వరుసలో నిలబెడుతుంది. ఒడ్డున కూర్చుని ఆవర్తన కాలం గంట గంటకూ ఎంత తగ్గుతోందో కొలిస్తే చాలు, తుపాను ఎంత దూరంలో, ఏ రోజున జరిగిందో వెనక్కి లెక్క కట్టవచ్చు.

ఆ పని చేసి చూపించినవారు వాల్టర్ మంక్. 1917లో వియన్నాలో పుట్టి, కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సముద్రశాస్త్ర సంస్థలో జీవితమంతా గడిపి, 2019లో నూట ఒక్క ఏళ్ళ వయసులో కన్నుమూశారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులను పడవల నుంచి తీరాన దింపే కసరత్తులు చూసిన మంక్‌కు ఒక భయం పట్టుకుంది. అల మనిషెత్తు దాటితే పడవ అడ్డం తిరిగి బోల్తా పడుతుంది, దిగబోయే తీరాల్లో అల ఎప్పుడు ఎంత ఉంటుందో ఎవరికీ తెలియదు. గురువు హరాల్డ్ స్వెర్‌డ్రప్‌తో కలిసి వాతావరణ పటాల నుంచి అలను అంచనా కట్టే పద్ధతి తయారుచేశారు. అందులో నేర్చుకున్న వాతావరణ అధికారులే 1944 జూన్‌లో నార్మండీ తీరపు అలలను అంచనా వేశారు. ఈనాటికీ అల ఎత్తు అని మనం చెప్పేది ఆ రోజుల కొలతే: వచ్చిన అలల్లో అన్నిటికన్నా పెద్దవైన మూడో వంతు తీసుకుని, వాటి సగటు. దీన్ని బట్టి ఒక జాగ్రత్త. రెండు మీటర్ల అలలు అని బులెటిన్‌లో ఉంటే, వెయ్యి అలల్లో ఒకటి దాదాపు నాలుగు మీటర్లు ఉంటుందని అర్థం. 1995 జనవరి 1న ఉత్తర సముద్రంలోని డ్రాప్నర్ చమురు వేదిక కింద, పన్నెండు మీటర్ల అలల మధ్య 25.6 మీటర్ల అల ఒకటి దాటిపోయింది. పరికరం దాన్ని నమోదు చేసింది. అంతవరకు నావికులు చెప్పినా కట్టుకథ అనుకున్నవారు ఆ తరవాత నోరెత్తలేదు.

మంక్ చేసిన పెద్ద ప్రయోగం 1963 నాటిది. అంటార్కిటికా వైపు తుపానుల్లో పుట్టిన అలలను న్యూజిలాండ్, సమోవా, పాల్మైరా, హవాయి, ఉత్తర పసిఫిక్‌లో తేలే ఫ్లిప్ వేదిక, చివరికి అలాస్కాలోని యాకుటాట్ దాకా వరుసగా కాపలా కాసి పట్టుకున్నారు. మంక్ స్వయంగా భార్యాపిల్లలతో సమోవాలో మకాం పెట్టారు. తుపాను దాటి బయటపడిన తరవాత పొడవాటి అలలు దారిలో పోగొట్టుకునేది చాలా స్వల్పం అని తేలింది. భూమి గుండ్రం గనుక అవి గోళం మీద దగ్గరి దారి అయిన మహావృత్తం వెంట నడుస్తాయి. అంతకు ముందు చేసిన కొలతల్లోనే, మన హిందూ మహాసముద్రంలో పుట్టిన అలలు ఆస్ట్రేలియా కింది నుంచి దాటి, భూగోళంలో సగం చుట్టి కాలిఫోర్నియా తీరాన్ని తాకుతున్నాయని వాళ్ళకు తెలిసింది.

పరికరాలు లేకుండానే ఈ విద్య నేర్చినవారు ఉన్నారు. మార్షల్ దీవుల నావికులు ఈనెలు, గవ్వలు కట్టి చేసిన పటాల్లో దూరపు కెరటం దీవి చుట్టూ ఎలా వంగుతుందో చూపించేవారు. ఆ పటం ఒడ్డునే ఉండేది. కడలిలో పడవ ఊగే తీరును బట్టే దీవి ఎటుందో చెప్పేవారు. 1976లో సటవాల్ దీవికి చెందిన మౌ పియాయ్‌లుగ్, దిక్సూచి కూడా లేకుండా హోకులేయ పడవను హవాయి నుంచి తాహితీకి నడిపించారు. అలలను చదివినవారిలో ఆయన పేరు మంక్ పేరు పక్కనే ఉండాలని నా అభిప్రాయం.

ఇప్పుడు మన తీరానికి వద్దాం. దక్షిణాన నలభై, అరవై డిగ్రీల అక్షాంశాల మధ్య భూమి చుట్టూ గాలిని ఆపే నేల దాదాపు లేదు. అక్కడ ఏడాది పొడవునా తుపాను వెంట తుపాను తిరుగుతూ ఉంటుంది. అక్కడి నుంచి ఉత్తరంగా బయలుదేరిన అలకు బంగాళాఖాతం తలుపులు బార్లా తెరిచి ఉంటాయి. మన సముద్రంలో పుట్టే తుపానుల గాలి ఎంత భీకరమైనా అది వీచే మేర తక్కువ. అందుకే పద్దెనిమిది, ఇరవై సెకన్ల అల మన ఒడ్డున కనిపించిందంటే అది దాదాపుగా దక్షిణ మహాసముద్రపు అల అయి ఉంటుంది. విశాఖ తీరాన ఇసుక ఉత్తరానికి నడవడానికి కారణం ఎక్కువగా దక్షిణం నుంచి ఏటవాలుగా వచ్చే అలలే. రేవు గోడలు ఆ నడకను ఆపితే బీచ్ కోసుకుపోతుంది. డ్రెడ్జర్లతో ఇసుక తెచ్చి పోయవలసి రావడం ఇందువల్లే.

ఈ సముద్రపు చదువు మన దగ్గర కొత్త కాదు. 1952లో అమెరికా నుంచి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన యూజీన్ లఫాండ్, భూగర్భశాస్త్ర ఆచార్యులు మహాదేవన్ చేయి కలిపి వాల్తేరులో సముద్రశాస్త్రానికి బీజం వేశారు. ఇవాళ హైదరాబాదులో ఉన్న ఇన్‌కాయిస్ దేశానికంతటికీ సముద్రపు అంచనాలు ఇస్తోంది. కడలి కనుచూపు మేరలో లేని ఊళ్ళో కూర్చుని దక్షిణ మహాసముద్రపు అలలను లెక్కగట్టే ఆ పని మన తెలుగునేల మీద జరుగుతోందని మనలో ఎంతమందికి తెలుసు?

ఆ అంచనాల అవసరం ఎంతటిదో 2024 చూపించింది. మార్చి చివరలో దక్షిణ అట్లాంటిక్ నుంచి దక్షిణ హిందూ మహాసముద్రంలోకి నడిచిన ఒక అల్పపీడనం మార్చి 25 ప్రాంతంలో పదకొండు మీటర్ల అలలను లేపింది. అవి 31వ తేదీన కేరళ తీరంలోకి చొరబడ్డాయి. అక్కడ గాలి లేదు, వాన లేదు, ఆకాశంలో మబ్బు లేదు. కేరళ మత్స్యకారులకు ఇది కొత్త కాదు, కళ్ళక్కడల్ అని పేరే ఉంది, దొంగ సముద్రం అని. మే నెలలో మళ్ళీ వచ్చింది. హెచ్చరిక జారీ అయి ఉన్న రోజుల్లోనే, మే 6న, కన్యాకుమారి జిల్లాలో బీచ్‌కి వెళ్ళిన అయిదుగురు వైద్య విద్యార్థులను అల లాక్కుపోయింది.

ఎందుకంత ప్రమాదం? నడి సముద్రంలో ఈ అలను పడవలో ఉన్నవాళ్ళు గుర్తించను కూడా లేరు. ఎత్తు మీటరే ఉంటుంది, పొడవు అయిదు వందల మీటర్లు. కానీ పద్దెనిమిది సెకన్ల అల రెండు వందల యాభై మీటర్ల లోతు దగ్గరే నేలను తడమడం మొదలుపెడుతుంది. ఆరు సెకన్ల అలకు ఇరవై ఎనిమిది మీటర్ల లోతు వచ్చేదాకా నేల సంగతే తెలియదు. నేల తగిలిన అల నెమ్మదిస్తుంది, పొడవు కుదించుకుంటుంది, వెనక నుంచి వస్తున్న శక్తి పోయే దారిలేక ఎత్తు పెరుగుతుంది. పొడవాటి అలలో ఈ పెరుగుదల చాలా ఎక్కువ. విరిగిన తరవాత అది ఇసుక మీద పాకే దూరమూ ఎక్కువే. అమావాస్య, పున్నమి పోటు దానికి తోడైతే ఊళ్ళోకి వస్తుంది. పైగా రెండు పెద్ద అలల గుంపుల మధ్య నిమిషాల తరబడి విరామం ఉంటుంది. ఆ విరామంలోనే పిల్లలు నీళ్ళలోకి దిగుతారు.

కాబట్టి అల ఎత్తు ఒక్కటే చెప్పడం సగం చెప్పడమే. మీటరు ఎత్తు, ఆరు సెకన్లు అంటే మామూలు రోజు. అదే మీటరు, పద్దెనిమిది సెకన్లు అంటే పిల్లలను నీళ్ళ దగ్గరికి పోనివ్వకూడని రోజు. ఇన్‌కాయిస్ అంచనాల్లో ఈ రెండో అంకె ఉంటుంది. మన పత్రికల్లో, టీవీ వార్తల్లో అది దాదాపు కనిపించదు. తుపాను లేదు గనుక వార్త లేదనుకుంటారు.

రుషికొండలో, యారాడలో, బాపట్ల దగ్గర సూర్యలంకలో ఆదివారాలు మునిగిపోయిన యువకుల వార్తలు ఏటా చదువుతున్నాం. వాటన్నిటికీ దూరపు కెరటమే కారణమని నేను అనను. తీరం నుంచి లోపలికి లాగే ప్రవాహాలు, లోతు తెలియకపోవడం, ఈత రాకపోవడం, ఇవన్నీ ఉన్నాయి. కానీ ఎండ కాస్తోంది, గాలి లేదు, సముద్రం బాగానే ఉందని చూసిన చూపుతో తీర్పు చెప్పే అలవాటు చాలా మరణాల వెనక ఉందని నా అభిప్రాయం. వేటకు వెళ్ళేవాళ్ళు అలా చూడరు. అడిగితే వాళ్ళు చెబుతారు, మనం అడగం.

పత్రికల వారికి నా విన్నపం: కోస్తా ఎడిషన్లలో ఉష్ణోగ్రత పక్కన అల ఎత్తు, ఆవర్తన కాలం రెండూ వేయండి, రెండు అంకెలే కదా. జిల్లా అధికారులకు: బీచ్‌ల దగ్గర శాశ్వతంగా పాతిన బోర్డులతో పాటు ఆ పూట అంకెలు రాసే బోర్డు ఒకటి పెట్టండి, హెచ్చరిక ఉన్న రోజున దాని పక్కన మనిషిని నిలబెట్టండి. ఉపాధ్యాయులకు: సిలబస్‌లో లేకపోయినా తరంగాల పాఠంలో సముద్రపు అలను చేర్చండి. ఇక మీరంతా, ఈసారి సముద్రానికి వెళ్ళినప్పుడు నీళ్ళలో కాలు పెట్టేముందు ఒడ్డున నిలబడి, శిఖరానికీ శిఖరానికీ మధ్య సెకన్లు లెక్కపెట్టండి. పదిహేను దాటితే పిల్లలను వెనక్కి తీసుకురండి.